నాన్నగారి పద్మిని కారు కోసం చీటీ పాడుకోవచ్చా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. మూడేళ్ల క్రితం కాలం చేసిన మా నాన్నగారి 1984 నాటి ప్రీమియర్ పద్మిని కారు అప్పటి నుంచి షెడ్డులోనే ఉంది. విజయవాడ ఆటోనగర్ మెకానిక్ ఇంటికి వచ్చి చూసి బ్రేకులకు రూ.34,000, వైరింగుకు రూ.28,000, టింకరింగు, పెయింటుకు రూ.1,10,000, సీట్ల కుట్టుకు రూ.38,000, మొత్తం రూ.2,10,000 అవుతుందన్నారు. రూ.5 లక్షల చీటీలో 25 నెలలకు 14 వాయిదాలు కట్టాను. సంస్థ కమీషన్ 5 శాతం. ఈ నెల పాట (చీటీ ముందుగా తీసుకోవడానికి వదులుకోవలసిన మొత్తం) రూ.90,000 దగ్గర ఆగేలా ఉంది. పొదుపు ఖాతాలో రూ.80,000, ఎఫ్‌డీలో రూ.3 లక్షలు ఉన్నాయి, జీతంలో నెలకు రూ.12,000 మిగులుతుంది. వచ్చే ఏడాది మా అమ్మాయి ఇంజినీరింగులో చేరుతుంది. చీటీ పాడుకుని కారు బాగు చేయించనా? వింటేజ్ కింద నమోదు చేయిస్తే విలువ పెరుగుతుందని మా బావమరిది అంటున్నారు.

జవాబు: కారు బాగు చేయించండి, కానీ చీటీ జోలికి మాత్రం వెళ్లకండి. ఈ నెల పాడుకుంటే, కమీషన్ కూడా కలిసి ఉన్న ఆ రూ.90,000 పోను మీ చేతికి రూ.4,10,000 వస్తుంది, చివరి నెల దాకా ఆగితే కమీషన్ రూ.25,000 పోను రూ.4,75,000 వస్తుంది. అంటే పది నెలల ముందు డబ్బు అందుకోవడానికి మీరు వదులుకునేది రూ.65,000, ఏడాది లెక్కన చూస్తే దాదాపు 19 శాతం వడ్డీ. పైగా పాడుకున్నవారు మిగిలిన వాయిదాలకు జామీను చూపించాలి. అమ్మాయి ఫీజుకు అక్కరకు వచ్చే ఆ సొమ్మును పెయింటు కోసం అంత వడ్డీకి తీసుకోవడం నాకు ఏ విధంగానూ సబబుగా తోచడం లేదు.

మీ మెకానిక్ చెప్పిన రూ.2,10,000లో ప్రాణానికి సంబంధించినది బ్రేకులు, వైరింగు కలిపి రూ.62,000 మాత్రమే, మిగతాది అందానికి సంబంధించినది. ఈ రెంటినీ ఒకే ఖర్చుగా చూడడం వల్లనే చీటీ దాకా ఆలోచన వెళ్లింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, మూడేళ్లు కదలకుండా ఉన్న కారులో, ప్రతి చక్రం దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ల లోపలి గోడలు తుప్పు పట్టి, రబ్బరు వాషర్లు గట్టిపడి ఉండే అవకాశం ఎక్కువ. చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ము విప్పించినప్పుడు మీరు దగ్గరుండి వీల్ సిలిండరు చివర ఉన్న రబ్బరు తొడుగును కొద్దిగా ఎత్తి చూడండి. లోపల చెమ్మగా ఉంటే ఆయిల్ కారుతున్నట్టే. పాత కార్లలో చాలావాటికి, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు పంపే మాస్టర్ సిలిండరు నాలుగు చక్రాలకూ కలిపి ఒకే సర్క్యూట్‌తో ఉంటుంది, అలాంటి వాటిలో ఒక్క చక్రం దగ్గర ఆయిల్ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు అందదు. అందుచేత ఈ పద్దులో ఎక్కడ ఆదా చేయవచ్చో, ఎక్కడ చేయకూడదో స్పష్టంగా తెలుసుకోవాలి. డ్రమ్ములలో మందం చాలినంత ఉంటే లేత్ మీద చెక్కించవచ్చు, డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే షూలకు కొత్త లైనింగు వేయించవచ్చు. ఆటోనగర్‌లో ఈ రెండు పనులూ తెలిసినవారు ఉన్నారు. హోస్ పైపులు, సిలిండర్ల రబ్బరు సామాను, ఆయిల్ మాత్రం కొత్తవే ఉండాలి, అవి కూడా ఒక పక్క చక్రానికి మాత్రమే కాకుండా జతగా మార్పించాలి.

వైరింగులో అతుకులు వేయించుకుంటే కూలి రెండుసార్లు కట్టవలసి వస్తుంది. హెడ్‌లైటు వెనుక ఉన్న వైరును వేలితో మెల్లగా వంచినప్పుడు పైతొడుగు పగిలి రాగి కనిపిస్తే, మొత్తం వైరింగు కొత్తది వేయించడమే చౌక. హెడ్‌లైట్లకు రిలే (స్విచ్ మీద కరెంటు భారం పడకుండా చూసే పరికరం), ప్రతి సర్క్యూట్‌కూ తగిన ఫ్యూజు, బ్యాటరీ దగ్గర కటాఫ్ స్విచ్ పెట్టించమని అడగండి. సీట్లు, కార్పెట్టు, లోపలి లైనింగు విప్పితేనే వైర్లు సరిగా పరచగలరు కనుక కుట్టుపని ముందు చేయిస్తే ఆ డబ్బు వృథా అవుతుంది.

బీమా ఈ ఖర్చును భరిస్తుందని ఆశించకండి. అరుగుదల, మెకానికల్, ఎలక్ట్రికల్ లోపాలు సమగ్ర పాలసీలో కూడా మినహాయింపులే. కారు తగలబడితే పాలసీ వర్తిస్తుంది, అయితే వాహనాన్ని మంచి స్థితిలో ఉంచే బాధ్యత యజమానిదేనని అందులో షరతు ఉంటుంది. అందుకే వైరింగు బిల్లులు భద్రపరచండి. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. మీ కారు 1,000 నుంచి 1,500 సీసీ తరగతిలోకి వస్తుంది, దానికి 2022లో నిర్ణయించిన ప్రీమియం ఏడాదికి రూ.3,416, జీఎస్టీ అదనం.

వింటేజ్ నమోదు 50 ఏళ్లు దాటిన వాహనాలకే కాబట్టి మీ కారుకు 2034కు ముందు ఆ అర్హత రాదు. వచ్చినా, అలా నమోదైన కారును రోజువారీగా రోడ్డు మీద నడపడానికి వీల్లేదు. మీరు నాన్నగారి కారులో తిరగాలనుకుంటున్నారు కనుక దీన్ని పెట్టుబడిగా లెక్క వేయవద్దు.

పైసా ఖర్చు పెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లండి. కారు ఇంకా నాన్నగారి పేరు మీదనే ఉంటే వారసుడిగా ఫారం 31 ద్వారా మీ పేరుకు మార్పించుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల తర్వాత ప్రతి అయిదేళ్లకూ పునరుద్ధరించాలి, మీ కారుకు ఆ గడువు దాటిపోయి ఉంటే ఆలస్యానికి నెలకు రూ.500 చొప్పున పడుతుంది. 20 ఏళ్లు దాటిన కార్లకు పునరుద్ధరణ రుసుమును 2025లో రూ.10,000కు పెంచారు. ఫిట్‌నెస్ పరీక్షలో చూసేవాటిలో బ్రేకులు, లైట్లు కూడా ఉంటాయి కనుక ముందు బ్రేకులు, తర్వాత వైరింగు అన్న మన క్రమం దానికీ సరిపోతుంది.

కాగితాలు సవ్యంగా ఉన్నాయని తేలాక, కారును నడపకుండా టోయింగ్ వాహనం మీద ఆటోనగర్‌కు పంపి, పొదుపు ఖాతా నుంచి రూ.34,000 తీసి బ్రేకుల పని చేయించండి. వైరింగును ఆ తర్వాత మూడు నెలల జీతం మిగులుతో చేయించవచ్చు. అందులో మిగిలే రూ.8,000, ఖాతాలో ఉండే రూ.46,000 కలిసి టోయింగుకు, రుసుములకు, విప్పాక బయటపడే అదనపు పనికి సరిపోతాయి. ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. రెండు పనులకూ వేర్వేరు బిల్లులు రాయించుకుని, తీసేసిన పాత సామాను మీకే ఇవ్వమని ముందుగా చెప్పండి. పెయింటు, సీట్ల సంగతి చీటీ ముగిసి, అమ్మాయి మొదటి ఏడాది ఫీజు కట్టాక చూద్దాం.