ఇన్‌స్పెక్టరు దగ్గరికి మనమే వెళ్లవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఓడల్లో సరుకు ఎక్కించి దింపే స్టీవ్‌డోరింగ్ సంస్థలో భద్రతాధికారిగా చేరి ఆరు నెలలైంది, ఓడరేవు కార్మికుల భద్రతను తనిఖీ చేసే ప్రభుత్వ అధికారి, అంటే డాక్ సేఫ్టీ ఇన్‌స్పెక్టరు, వస్తున్నారని తెలిసిన రోజున తప్ప హెల్మెట్లు స్టోరు గది దాటి బయటికి రావు, ఇలాంటి చోట ప్రభుత్వమూ పరిశ్రమా కలిసి కార్మికుల భద్రత చూడడమనేది మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవానికి బ్యానరు కట్టడాన్ని మించి ఏమైనా ఉంటుందా? ఉంటుందనే నా అనుభవం చెబుతోంది. అయితే మా విషయంలో తొలి అడుగు వేసింది సంస్థ కాదు, భయపడిన నేను.

తూర్పు తీరంలోని ఒక పెద్ద ఓడరేవులో నేను ఫోర్‌మన్‌గా, తరువాత భద్రతాధికారిగా పనిచేశాను. దిగుమతి బొగ్గు ఓడ ఒకటి బెర్తుకు (రేవులో ఓడ ఆగే చోటుకు) వచ్చిన ఉదయం, హేచ్ (ఓడ పైభాగంలో సరుకు దింపే ద్వారం) మూతలు తీసి గంట దాటింది కదా అన్న ధీమాతో మొదటి గ్యాంగును, అంటే కార్మికుల జట్టును, సరుకు ఉండే హోల్డులోకి దింపాము. వాళ్లు దిగింది ఆస్ట్రేలియన్ నిచ్చెన మీదుగా. ఆ ఓడలో అది చుట్టూ ఇనుప గోడలతో మూసి ఉన్న ఇరుకైన మెట్ల దారి. హేచ్ తెరిస్తే హోల్డు నడిమికి గాలి తగులుతుంది గాని, ఆ దారిలో నిలిచిపోయిన గాలి కదలదు. బొగ్గు ప్రయాణం పొడవునా ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. మామూలు గాలిలో 20.9 శాతం ఉండే ఆక్సిజన్ 10 శాతం లోపుకు పడిపోతే, ఊపిరాడడం లేదన్న సంగతి కూడా తెలియకుండానే మనిషి ఉన్నచోట కూలిపోవచ్చు. ముందు దిగిన కళాసీ మొదటి మలుపు దగ్గరే కూర్చుండిపోయాడు. ఆయనను లేపడానికి దిగబోయిన బావమరిదిని మేస్త్రీ చొక్కా పట్టుకొని వెనక్కి లాగకపోతే ఆ రోజు రెండు ప్రాణాలు పోయేవి. ఓడ సిబ్బంది శ్వాస పరికరాలతో దిగి ఆయనను పైకి తెచ్చారు, బతికాడు. మా లాగ్‌బుక్కులో మాత్రం, కళ్లు తిరిగాయి, విశ్రాంతి ఇచ్చాము అన్న ఒక్క ముక్క పడింది.

రెండు నెలలు నిద్ర పట్టక, చివరికి నేనే ఇన్‌స్పెక్టరు గారి కార్యాలయానికి వెళ్లి జరిగినది జరిగినట్టు చెప్పాను. నోటీసు వస్తుందనుకున్నాను. ఆయన అడిగింది ఒకే ప్రశ్న: గాలి పరీక్షించడం ఎవరి పని? నా దగ్గర జవాబు లేదు. ఓడ వాళ్లు చేస్తారని మేము, దింపేది మేము కనుక మేమే చేసుకుంటామని ఓడ వాళ్లు, ఇది తమకు సంబంధించినది కాదని పోర్టు ట్రాఫిక్ విభాగం అనుకుంటూ వచ్చాము. 1986 నాటి డాక్ కార్మికుల చట్టం, దాని కింద వచ్చిన 1990 నిబంధనలు ఓడ యజమానికీ, పోర్టుకూ, కార్మికులను పెట్టుకున్న యజమానికీ వేర్వేరుగా బాధ్యతలు పెట్టాయి. ఒకే హేచ్ దగ్గర ఇంతమంది బాధ్యులు ఉన్నప్పుడు, ఒకరి బాధ్యత ముగిసి మరొకరిది మొదలయ్యే సందులోనే మనిషి జారిపోతాడు.

ఆయన పిలిచిన సమావేశానికి పోర్టు అధికారులు, ఓడల ఏజెంట్లు, మాతో పోటీపడే మిగతా స్టీవ్‌డోర్లు, రెండు కార్మిక సంఘాల వారు వచ్చారు. గ్యాస్ మీటరు ఎవరు కొనాలన్న దాని మీదే ముప్పావుగంట గడిచింది (చివరికి తలా ఒకటి కొన్నాము, ఆ ధర ఓడ ఒక్క గంట ఆలస్యమైతే అయ్యే ఖర్చు ముందు లెక్కలోకి రాదు). తేలినది ఒక్క పేజీ. గ్యాంగు దిగే ముందు ఓడ చీఫ్ ఆఫీసరు, మా ఫోర్‌మన్ ఎదుట పై, మధ్య, కింది మట్టాలలో కొలత తీసి ఇద్దరూ సంతకం చేయాలి; మెట్ల దారిని విడిగా కొలవాలి; సరుకు స్వభావం గురించి లోడింగు రేవులో ఓడ కెప్టెనుకు అందిన పత్రం నకలును ఏజెంటు ఓడ బెర్తుకు రాకముందే మాకు పంపాలి. బొగ్గు వంటి ఘన బల్కు సరుకుల అంతర్జాతీయ కోడ్ 2011 జనవరి 1 నుంచి తప్పనిసరి కావడంతో ఆ పత్రం ఓడలో ఉండనే ఉంటుంది. అప్పటిదాకా దాన్ని అడగాలని మాకు తోచలేదు, అంతే.

ఇందులో ప్రభుత్వం లేకపోతే జరగని పని ఒకటుంది. అరగంట ఆగి కొలిచే నియమాన్ని మా సంస్థ ఒక్కటే పెట్టుకుంటే, ఆగని సంస్థకు ఓడ వెళ్లిపోయేది. అందరికీ ఒకే నియమం ఒకే రోజున రావడంతో ఆ భయం పోయింది. అటువైపు ఇన్‌స్పెక్టరు గారు కూడా అన్ని బెర్తుల దగ్గర మూడు షిఫ్టులూ నిలబడలేరు. కొలవకుండా గ్యాంగు దిగుతోందన్న కబురు సంఘం వాళ్ల నుంచే ఆయనకు చేరాలి.

ఈ సహకారానికి హద్దు కూడా ఉంది. ఎవరైనా చనిపోయిన తరువాత ఆయన దర్యాప్తు అధికారి. అప్పుడు పాత పరిచయాన్ని అడ్డం పెట్టుకోవడం తప్పు, అది ఆయనకూ చేటే. కాబట్టి వెళ్లవలసింది ముందే. వెళ్లే ముందు స్లింగులు, షాకిళ్లు (సరుకును క్రేనుకు తగిలించే పట్టీలు, ఇనుప లంకెలు), క్రేన్ల రిజిస్టరు సరిచూసుకోండి: అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో ఆమోదించిన 152వ ఒప్పందం ప్రకారం ఓడ మీది క్రేన్ల వంటి ఎత్తే యంత్రాలకు అయిదేళ్లలో ఒకసారైనా భార పరీక్ష, ఎత్తే యంత్రాలన్నిటికీ ఏడాదికొకసారి నిపుణుడి తనిఖీ ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో 1986 చట్టం కలిసిపోయింది గనుక, పాత నమూనా ఫారాలనే పట్టుకుపోకుండా ఏది చెల్లుతుందో ఆ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోండి.

సమావేశం దాకా వస్తే మేనేజరుతో పాటు మేస్త్రీని కూడా తీసుకువెళ్లండి. వాన పడితే హేచ్ మూసి, వెలిసిన తరువాత మళ్లీ తెరుస్తామనీ, అప్పుడు కూడా కొలవాలనీ మా పేజీలో చివరి వాక్యంగా చేర్పించింది ఆ చొక్కా పట్టుకొని లాగిన మేస్త్రీయే. మిగతా మాకెవరికీ అది గుర్తు రాలేదు.