తొండి వేరు, అనర్హత వేరు

సందేహం: పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగినప్పుడు పత్రికలు 'అనర్హత వేటు' అని రాశాయి. నిషేధించిన మందులు వాడి పట్టుబడినవాళ్లకూ అదే మాట రాస్తాయి. 'అంటే ఆమె తొండి చేసిందా సార్?' అని మా బడి పిల్లలు అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రయోగం సరైనదేనా? 'తొండి' రాతలో వాడదగినదేనా?
– ఒక వ్యాయామోపాధ్యాయుడు, సికింద్రాబాద్

సమాధానం: మీ పిల్లలు అడిగింది పత్రికల వాళ్లు ఆ శీర్షిక పెట్టేముందే వేసుకోవలసిన ప్రశ్న.

సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో 'అర్ఘ మూల్యే', 'అర్హ పూజాయామ్' అని రెండు ధాతువులున్నాయి. ఒకటి వెల, ఇంకొకటి పూజ. రెండూ ఒక తల్లి బిడ్డలే. విలువ ఉన్నచోటే గదా మన్నన! అర్ఘం అంటే వెల. అతిథి చేతుల్లో పోసే నీళ్లు అర్ఘ్యం. వెల ఎక్కువైనది మహార్ఘం. ఈ మహార్ఘమే ప్రాకృతం మీదుగా అరిగి అరిగి హిందీలో 'మహెంగా' అయింది. మొజంజాహి మార్కెట్‌లో పండ్ల బండి ముందు 'ఇత్నా మహెంగా?' అని బేరమాడే వాళ్లందరి నోటా పలికేది ఆ పాత అర్ఘమే. ఇక వెల కట్టలేనిది అనర్ఘం, తగనిది అనర్హం. ఘకారానికీ హకారానికీ మధ్య రత్నానికీ రాతికీ ఉన్నంత ఎడముంది. నిరుడు నగరంలో ఒక సన్మానపత్రంలో ఒక పెద్దాయనను 'అనర్హరత్నం' అని అచ్చువేశారు. వేదిక మీద దాన్ని చదువుతుంటే వినలేక తల దించుకున్నాను.

అర్హత మీద మన సాహిత్యంలో పెద్ద తగాదా సభాపర్వంలో ఉంది. ధర్మరాజు రాజసూయంలో తొలి అర్ఘ్యం ఎవరికి? కృష్ణుడికి అన్నాడు భీష్ముడు. 'నాయమర్హతి' అంటూ లేచాడు శిశుపాలుడు: ఇతడు తగడు. రాజా, కాడు. వయసులో పెద్దా, తండ్రి వసుదేవుడే ఉన్నాడు. ఆచార్యుడు కావాలంటే ద్రోణుడు, ఋత్విజుడు కావాలంటే వ్యాసుడు. తర్వాత నోరు జారి ఎన్ని తిట్లు తిట్టినా, అతని మొదటి అభ్యంతరం మాత్రం కృష్ణుడు ఫలానా తప్పు చేశాడని కాదు, ఈ పీటకు తగడని. అదే పర్వంలో, మరి కాస్త ముందుకు పోతే, జూదం వస్తుంది. అక్కడ శకునిని అనర్హుడని ఎవరూ అనలేదు. జూదమే నికృతి అంటాడు ధర్మరాజు. నికృతి అంటే మోసం. ఒకే పర్వంలో అర్హత తగాదా ఉంది, ఆటలో మోసమూ ఉంది. దేని మాట దానిదే. ఈ రెండు ఘట్టాలనూ మనకు తెలుగు చేసి ఇచ్చినవాడు నన్నయ. ఆయన పద్యాల్లో పెరిగిన భాష ఇవాళ రెంటినీ ఒకే మూట కట్టడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇంగ్లీషులో ఇనెలిజిబుల్ (మొదటే తగకపోవడం) వేరు, డిస్‌క్వాలిఫై (పోటీలోంచి తప్పించడం) వేరు. మనం రెంటికీ 'అనర్హత' ఒక్కటే పెట్టుకున్నాం. దానికి 'వేటు' ఒకటి! కత్తికీ గొడ్డలికీ చెందిన మాట అది. ఫిరాయించిన ఎమ్మెల్యేల వార్తల్లో వాడి వాడి చేయి అలవాటు పడి, కుస్తీ గోదాలోకీ తెచ్చారు. వినేశ్ మొదటి రోజు 50 కిలోల తూకంలో నెగ్గింది. అంతవరకూ అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరగని జపాన్ యోధురాలు యుయి సుసాకిని పడగొట్టి ఫైనల్ దాకా వచ్చింది. మర్నాటి పొద్దుటి తూకంలో 100 గ్రాములు మిగిలింది. నియమం ప్రకారం తప్పించారు, క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానమూ ఆమె విన్నపాన్ని తోసిపుచ్చింది. ఇందులో వేటు పడేంత నేరమేముంది?

తొండి ఎలా ఉంటుందో 1976 మాంట్రియల్‌లో చూశారు. కత్తిసాము పోటీలో సోవియట్ ఆటగాడు బోరిస్ ఒనిష్చెంకో కత్తి పిడిలో మీట దాచుకున్నాడు. కత్తి తగలకపోయినా మీట నొక్కితే తగిలినట్టు దీపం వెలిగేది. 1988 సియోల్‌లో మందులు వాడి 100 మీటర్లు 9.79 సెకన్లలో పరుగెత్తిన బెన్ జాన్సన్‌దీ తొండే. చైనా జిమ్నాస్ట్ డాంగ్ ఫాంగ్‌షియావో సంగతిలో రెండూ కలిశాయి. 2000 సిడ్నీలో ఆమెకు నిండా పదహారేళ్లు లేవు కాబట్టి అర్హత లేదు. కాగితాల్లో వయసు పెంచారు కాబట్టి మోసమూ ఉంది. 2010లో జట్టు కాంస్యం వెనక్కి తీసుకున్నారు. పరుగుల ద్యుతీ చంద్ గ్లాస్గో సంగతిని మాత్రం ఈ వరుసలో నిలబెట్టకండి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు ఆమెను పంపనిది ఒంట్లో సహజంగా ఉన్న హార్మోను కోసం. మరుసటేడు ఆ క్రీడల న్యాయస్థానమే ఆ నియమాన్ని పక్కన పెట్టింది, 2016లో ఆమె రియోలో పరుగెత్తింది. ఆ సంగతిలో ఆమె పేరు పక్కన 'వేటు' రాసిన చేతికి కాస్త వెరపు ఉండాలి.

పోయిన ఆదివారం చిక్కడపల్లిలో మా అరుగు మీద అష్టాచెమ్మా ఆడుతున్నారు. ముసలావిడ వేసిన గవ్వల్లో ఒకటి చాప అంచుకు ఒరిగి నిలబడింది. ఆమె వేలితో మెల్లగా వెల్లకిలా తిప్పింది. 'తొండి చేస్తున్నవ్ నానమ్మా, మల్లెయ్యి!' అన్నాడు మనవడు. పక్కన నాలుగేళ్ల చెల్లెలు కూడా గవ్వలు వేస్తోంది గాని ఆమె పందెం ఎవరూ లెక్కపెట్టరు. ఆమె ఆటలో అరటిపండు. చూశారా, ఒకరిది తొండి, ఇంకొకరికి అర్హత లేదు. పిల్లల దగ్గర రెండు మాటలున్నాయి, పత్రికల దగ్గర ఒకటే.

కాబట్టి వినేశ్ విషయంలో 'పోటీ నుంచి తప్పించారు' అంటే చాలు. నియమావళి తర్జుమాలో 'అనర్హత' ఉంచితే కాదనను, 'వేటు' మాత్రం నేను రాయను. 'తొండి' నిక్షేపంగా రాయవచ్చు, శీర్షికలో కూడా. మందుల కేసులో అది తేలికగా వినిపిస్తుందనేవాళ్లు 'మోసం' వాడుకోవచ్చు. నేను పట్టుపట్టను. తొండకూ తొండికీ చుట్టరికం కలిపేవాళ్లున్నారు. పోలిక ఒక్కటే చుట్టరికానికి చాలదు.