అమ్మలూ, ముందు ఆ గది తలుపు చూడు

రాజమండ్రి,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు. యూనివర్సిటీలో పిల్లల ఆరోగ్యం, సంక్షేమం అంతా నీ చేతికి అప్పగించారట, వచ్చే సోమవారమే చేరుతున్నావట. చెబుతుంటే మీ నాన్న గొంతు వణికింది. నువ్వు కమ్యూనిటీ మెడిసిన్ తీసుకున్నప్పుడు "ఇదేం బ్రాంచి, క్లినిక్ పెట్టుకోవడానికి కూడా పనికిరాదు" అన్న చుట్టాలందరూ నాకు గుర్తొచ్చారు. చాలా గర్వంగా అనిపించింది. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. 28 ఏళ్ళు యూనివర్సిటీ డిస్పెన్సరీలో కూర్చున్నదాన్ని, నువ్వు వెళ్ళేది ఎలాంటి చోటికో నాకు తెలుసు.

ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. పూర్తిగా చదువు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. హాస్టల్ నీళ్ళ ట్యాంకులు ఎప్పుడు కడిగారో అడుగు. పంపు దగ్గర కాదు, చివరి అంతస్తు చివరి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష నువ్వే చెయ్యి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా లేకపోతే కామెర్లు, టైఫాయిడ్ ఎప్పుడైనా రావచ్చు. గజ్జి వస్తే ఒక్కరికే మందిచ్చి పంపకు, గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒకే రాత్రి రాయించు. ఏజెన్సీ గిరిజన గూడేల నుంచి వచ్చిన పిల్లలు ఒళ్ళునొప్పులని మళ్ళీ మళ్ళీ వస్తే క్లాసు ఎగ్గొట్టడానికే అనుకోకు, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉందేమో పరీక్ష చేయించు. ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ చూడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది, మన ఆంధ్రలో దాదాపు 59 మందికి. ఐరన్ మాత్ర చేతిలో పెట్టి ఊరుకోకు. ఆ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగే పిల్లలే ఎక్కువ, అలా తాగితే అది ఒంటికి సరిగా పట్టదు. మెస్‌లో టిఫిన్ పెట్టే టైమూ మొదటి క్లాసు టైమూ ఒకసారి పక్కపక్కన రాసి చూడు. మా దగ్గర పొద్దున్నే కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లల్లో సగం మంది ఏమీ తినకుండా క్లాసుకు పరుగెత్తినవాళ్ళే.

మెడికల్ సర్టిఫికెట్ల సంగతి కూడా చెప్పాలి. సెమిస్టర్ చివర అటెండెన్స్ తక్కువైన పిల్లలు సర్టిఫికెట్ కోసం క్యూ కడతారు. అబద్ధాలని నీకు తెలిసిపోతుంది, కోపం వస్తుంది. తిట్టి పంపేముందు ఒక్కమాట అడుగు, "ఆ 40 రోజులూ ఎక్కడున్నావు?" అని. ఒకబ్బాయి రాత్రిళ్ళు హోటల్లో పనిచేసి పగలు పడుకున్నానని చెప్పాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, కాలేజీలో సర్టిఫికెట్లు ఇచ్చేది లేదన్నారు, ఇంట్లో అడిగే పరిస్థితి లేదు. వాడికి కావలసింది జ్వరం వచ్చిందని నేను రాసిచ్చే కాగితం కాదు. అలాంటివాళ్ళు నీ బల్ల ముందుకు వాళ్ళంతట వాళ్ళు వచ్చే రోజు అదొక్కటే.

ఇక అసలు విషయానికొస్తాను. దీని గురించి మీ నాన్నకు కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

1996లో, ఆగస్టులో అనుకుంటాను, ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్ల ఒకతి నా దగ్గరికి వచ్చింది. మొదటిసారి తలనొప్పి అంది, మాత్రలిచ్చాను. వారానికి మళ్ళీ వచ్చి నిద్ర పట్టడం లేదంది, బి-కాంప్లెక్స్ రాశాను. మూడోసారి ఓపీ టైం అయిపోయాక, అందరూ వెళ్ళిపోయేదాకా బయట వేపచెట్టు కింద నిలబడి, అప్పుడు లోపలికొచ్చింది. డిగ్రీ వరకు తెలుగు మీడియం. ఇక్కడ క్లాసులో ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ల్యాబ్‌లో అందరూ నవ్వుతున్నారు. బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడుస్తున్నానంది. అన్నం సహించడం లేదంది. చివర్లో "ఇంట్లో మాత్రం చెప్పకండి మేడం" అంది. చెప్పనన్నాను. చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను.

ఆ ఏడాదే, అంతకుముందు, మరో హాస్టల్లో ఒక పిల్లవాడు చనిపోయాడు. ఆ తర్వాత మీటింగులో పైవాళ్ళు మా అందరినీ నిలబెట్టి అడిగారు, ముందే ఎందుకు కనిపెట్టలేదని. ఆ మాటలు నా చెవుల్లో ఉన్నాయి. ఆ పిల్ల వెళ్ళిపోయాక నాకు ఒకటే టెన్షన్. ఈమెకు ఏమైనా అయితే? రిజిస్టర్‌లో మూడుసార్లు నా చేతిరాత ఉంది. ఆమెకు చచ్చిపోవాలనే ఆలోచన ఉందా లేదా అని నేను అడగనేలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయపడ్డాను. డాక్టర్నై ఉండి అలా అనుకున్నాను. అడగకుండానే, రాత్రంతా లేనిపోనివి ఊహించుకుని, పొద్దున్నే అడ్మిషన్ ఫారం తెప్పించి ఇంటికి ఫోన్ చేశాను.

ఆ రోజుల్లో పల్లెల్లో ఇంటింటికీ ఫోన్ ఎక్కడిది? ఫారంలో ఉన్నది పీపీ నంబర్, ఊళ్ళో కిరాణా కొట్టువాళ్ళది. పిలుచుకు రావడానికి టైం పడుతుంది, విషయం ఏమిటో చెప్పండి, కబురు అందిస్తాం అన్నాడు కొట్టాయన. నేను చెప్పేశాను. "అమ్మాయికి మనసు బాగాలేదు, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి" అన్నాను. ఆ కొట్టు ముందు ఎంతమంది నిలబడి ఉన్నారో నేను ఆలోచించలేదు. సాయంత్రానికి ఆ మాట ఊరంతా "పిచ్చి పట్టిందట"గా తిరిగింది.

మర్నాడు మొదటి బస్సుకు తండ్రి, ఇద్దరు చుట్టాలు వచ్చారు. ఆయన నన్ను ఏమీ అనలేదు. తలెత్తి నా వైపు చూడలేదు. పిల్ల ట్రంకు పెట్టె సర్దుకుని డిస్పెన్సరీ ముందు నిలబడింది. "మీకు ఒక్కరికే చెప్పాను మేడం" అంది. అంతే. ఆటో ఎక్కింది. ఆమె సీటు డిసెంబరు దాకా ఖాళీగా ఉంచమని వార్డెన్‌ను బతిమాలాను. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. సెమిస్టర్ హాల్ టికెట్లు వచ్చినప్పుడు ఆమెది ఆఫీసులోనే ఉండిపోయింది.

చాలా ఏళ్ళు నేను ఆ పిల్ల కోసం భయపడి ఆ పని చేశాననుకున్నాను. నా ఉద్యోగం కోసం భయపడ్డానని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. అందుకే ఇది నీకు రాస్తున్నాను, ఎందుకంటే నీకు కూడా అలాంటి మీటింగులు జరుగుతాయి.

ఆ తర్వాత ఆర్నెల్లు డిస్పెన్సరీకి జ్వరాలు, విరేచనాలు తప్ప ఏమీ రాలేదు. పిల్లలందరూ బాగున్నారనుకుని సంతోషించాను. మా ఆయా ఒక రోజు నేల తుడుస్తూ చెప్పింది, "డాక్టరమ్మకు చెబితే ఊరికి చెప్పినట్టేనని హాస్టల్లో అనుకుంటున్నారమ్మా" అని. ఆ మాట పోగొట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఓపీ రిజిస్టర్‌లో పేరు బదులు నంబర్ పెట్టాను. మాట్లాడే గదిని క్యూ ఉండే వైపు నుంచి వెనక వరండాలోకి మార్చాను. ముందు గదికి తలుపు కూడా లేదు, పచ్చ గుడ్డ ఒకటి వేలాడేది. అవతల బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు ప్రతి మాటా వినిపించేది. వెనక వైపు నుంచి వస్తే మందుల స్టోర్‌కు వెళ్తున్నారో నా దగ్గరికి వస్తున్నారో ఎవరికీ తెలియదు.

కాబట్టి అమ్మలూ, ఎవరైనా వచ్చి కూర్చోగానే, వాళ్ళు నోరు తెరవకముందే నువ్వు చెప్పాలి. "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం నేనొక్కదాన్నే మోయలేను, ఒకరికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెప్పాలో నువ్వే చెప్పు." ఆ ఒకరు ప్రతిసారీ నాన్నే కానక్కర్లేదు. అక్క కావచ్చు, మేనమామ కావచ్చు, ఇంటర్‌లో పాఠం చెప్పిన సారు కావచ్చు. తర్వాత చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, అది నీకు నాకంటే బాగా తెలుసు. ఉందంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకు, అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి వివరాలు గోప్యంగా ఉంచాలనే చెబుతోంది. మాకు ఆ రోజుల్లో అలాంటి ఆసరా లేదు.

ఇప్పుడు పీపీ నంబర్లు పోయాయిలే అనుకుంటావేమో. వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. వార్డెన్ల గ్రూపులో "ఫలానా రూం అమ్మాయి మీద ఒక కన్నేసి ఉంచండి" అని ఒక్క మెసేజ్ చాలు, అది కిరాణా కొట్టు కంటే ఎక్కువ దూరం పోతుంది. చేరిన మొదటి వారమే గట్టిగా చెప్పు, ఏ గ్రూపులోనూ ఏ పిల్ల పేరూ, రూం నంబరూ రాకూడదని. ఎవరైనా పెడితే మొహమాట పడకుండా తీయించెయ్యి. మూడు నెలల్లో యాప్ తెస్తామని అన్నయ్యతో అన్నావట. తప్పు పట్టడం లేదు గానీ, అందులో పిల్లలు నొక్కినదంతా ఎవరి కంప్యూటర్‌లోకి పోతుందో తెలిసేదాకా దాన్ని తెరవనివ్వకు.

2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, వందమంది, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులు ఉన్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలని చెప్పింది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది, పాఠాలు చెప్పనివాళ్ళకు కూడా. ఆ కాగితం దగ్గర పెట్టుకో, డబ్బులు లేవన్నప్పుడల్లా చూపించు. శిక్షణకు ప్రొఫెసర్లను పిలిస్తే సంతకం పెట్టి వెళ్ళిపోతారు. నువ్వు మెస్‌లో వడ్డించేవాళ్ళను, వాచ్‌మన్‌ను, ఆయాలను కూర్చోబెట్టు. ఏ పిల్ల నాలుగు రోజులుగా అన్నం కెలికి లేచిపోతోందో వడ్డించే అతనికే ముందు తెలుస్తుంది. చూసింది నీ ఒక్కదానికే చెప్పాలని, పక్కవాడితో కూడా అనకూడదని వాళ్ళకు నేర్పడం కష్టం. అయినా నేర్పు. టీ ఇప్పించి, పేరు పెట్టి పిలిచి నేర్పు.

రిజల్ట్స్ వచ్చే సాయంత్రం ఎక్కడికీ వెళ్ళకు. పెళ్ళి ఉన్నా సరే. కౌన్సిలర్‌ను హాస్టల్ దగ్గరే ఉండమను. మనసు బాగాలేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబర్ 14416, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. దాన్ని నోటీసు బోర్డు మీద పెడితే అందరి ముందూ ఎవరు రాసుకుంటారు? బాత్‌రూం తలుపుల లోపలివైపు అంటించు.

నీ సంగతి ఒకటుంది. కొత్త పిల్లలందరికీ నీ సొంత మొబైల్ నంబర్ ఇచ్చేస్తానన్నావట. ఇవ్వకు, అమ్మలూ. ఒక డ్యూటీ ఫోన్ కొనిపించు, నలుగురికి వంతులు వెయ్యి. హౌస్ సర్జన్సీలో నీ వార్డులో మొదటిసారి పేషెంట్ పోయినప్పుడు రాత్రి రెండింటికి నాకు ఫోన్ చేశావు, గుర్తుందా? ఒక్క మాట మాట్లాడలేదు, ఏడుస్తూనే ఉన్నావు. నేను లైన్లోనే ఉన్నాను. అలాంటి మనసు ఉన్నదానివి రోజూ రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తితే ఏడాది తిరక్కుండా మంచమెక్కుతావు. నీకు కూడా ఎవరో ఒకరు కావాలి, ఆ ఊళ్ళోనే మాట్లాడుకోవడానికి తోటి డాక్టర్‌నెవరినైనా చూసుకో. నాకు 68 వచ్చాయి గానీ నా ఫోన్ రాత్రిళ్ళు తలదగ్గరే ఉంటుంది.

సోమవారం అందరూ బొకేలిచ్చి, ఫొటోలు తీసుకుని వెళ్ళాక, నువ్వు మాట్లాడబోయే గదికి వెళ్ళి కుర్చీలో కూర్చో. బయట బెంచీ మీద ఎవరినైనా కూర్చోబెట్టి, లోపల మామూలు గొంతుతో నాలుగు మాటలు అను. వినిపించిందేమో అడుగు. రాత్రి నాకు ఫోన్ చేసి, ఆ గది తలుపు ఎటువైపు ఉందో చెప్పు.

మీ అత్త