ఆ తలుపు రెండో వారంలోనే తట్టు

అమ్మడూ,

వీసా చేతికొచ్చిందని విని ఎంత సంతోషించానో చెప్పలేను. ఇంక నెల తిరక్కుండా అమెరికాలో ఉంటావు. సూట్‌కేసులో ఏం సర్దుకోవాలో చెప్పేవాళ్లు నీ చుట్టూ బోలెడంతమంది ఉంటారు, నేను దాని జోలికి పోను. అక్కడ నాకు ఆలస్యంగా అబ్బిన విద్య ఒకటుంది. నోరు తెరిచి అడగడం. దాని గురించే ఈ ఉత్తరం.

మొదటి రోజే ప్రతి సబ్జెక్టుకీ సిలబస్ ఇస్తారు. మనం సిలబస్ అంటే పాఠాల జాబితా అనుకుంటాం. అక్కడ అది ఒప్పంద పత్రం లాంటిది. హోంవర్కుకి ఎన్ని మార్కులు, ఆలస్యమైతే ఎంత కోత, స్నేహితులతో కలిసి చేయొచ్చా లేదా, ప్రొఫెసర్ ఏ రోజు ఏ వేళ తన గదిలో ఉంటారు, అన్నీ అందులోనే రాసి ఉంటాయి. ఆ చివరిదాన్ని ఆఫీస్ అవర్స్ అంటారు. చదువులో వెనకబడ్డవాళ్లను పిలిచి మందలించే సమయమేమో అనుకుని నేను ఆరు వారాలు అటు తొంగి కూడా చూడలేదు.

మిడ్‌టర్మ్‌లో మార్కులు దారుణంగా వచ్చాయి. ఆ పేపరు పట్టుకుని ప్రొఫెసర్ గది తలుపు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కొచ్చేశాను. మూడోసారి తలుపు తెరిచే ఉంది. ఆయన కుర్చీ జరిపి, మార్కర్ నా చేతికిచ్చి, ఎంతవరకు అర్థమైందో బోర్డు మీద రాయమన్నారు. రెండో లైను దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. ఆయన సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టి చెప్పారు. పట్టుమని పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఆరు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నువ్వు రెండో వారంలోనే వెళ్లు. పెద్ద సందేహమేమీ లేకపోయినా సరే, పేరు చెప్పుకుని రా.

కోర్సు కష్టంగా ఉందని నీ అంతట నువ్వు డ్రాప్ చేయకు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్‌గా చదివి తీరాలి. బ్యాచిలర్స్‌కి సాధారణంగా సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు. నీలా మాస్టర్స్ చేసేవాళ్లకు ఎన్నో యూనివర్సిటీయే చెబుతుంది, చాలాచోట్ల 9. తగ్గించుకోవాల్సి వస్తే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకెళ్లి డీఎస్‌ఓ, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అనుమతి తీసుకోవాలి. డ్రాప్ చేశాక చెబితే స్టేటస్‌కే, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండడానికే ముప్పు. ఇల్లు మారితే 10 రోజుల్లో కొత్త అడ్రస్ వాళ్లకు చెప్పాలి. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు దాటకూడదు. అనుమతి లేకుండా బయట పని చేస్తే ఏం కాదని చెప్పే సీనియర్లు తప్పకుండా తగులుతారు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకు, ఆ ఆఫీసును అడుగు.

నవంబరు గురించి కూడా చెప్పాలి. ఆ నెల మొదటి ఆదివారం దాదాపు దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. నేనున్న ఊళ్లో సాయంత్రం ఐదయ్యేసరికే చీకటి పడిపోయేది. ఇంటికి ఫోన్ చేసి "బాగున్నాను" అని చెప్పి, పెట్టేశాక గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. అలాంటి సాయంత్రాలు నీకూ రావచ్చు. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, మంచం దిగబుద్ధి కాకపోయినా క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు తల్లీ. ఇంక తట్టుకోలేను అనిపించే రాత్రికి 988 అనే హెల్ప్‌లైన్ నంబరుంది, ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసి పెట్టుకో.

తెలుగువాళ్లతో కలిసి ఇల్లు తీసుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. మంచిదే. క్లాసులో ప్రాజెక్టు గ్రూపు మాత్రం వేరే దేశాలవాళ్లతో కట్టు. ఇంగ్లిష్‌లో వాదించడం నాకు అక్కడే అలవాటైంది.

దిగిన మర్నాడే ఐ-94, అంటే నువ్వు ఆ దేశంలోకి వచ్చినట్టు నమోదైన రికార్డు, ఆన్‌లైన్లో తీసి, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో, ఎఫ్-1 అని పడిందో లేదో చూసుకో. చూసుకుని నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా ఎత్తుతాను.

మీ అత్తయ్య