మోటారు వేగాన్ని అదుపు చేయదలచిన మేనల్లుడికి

కావలి

చిరంజీవి అబ్బయ్యకు మామయ్య ఆశీస్సులు.

రొయ్యల గుంటలో మేత వెదజల్లే పళ్లేన్ని బ్రష్‌లెస్ మోటారుతో తిప్పాలనీ, దాని వేగాన్ని ఆర్డునో ఉనో అనే ప్రోగ్రాము రాసుకునే చిన్న సర్క్యూట్ బోర్డుతో అదుపు చేయాలనీ నీవు రాసిన ఉత్తరం చదివాను. ఆలోచన బాగుంది. అయితే నాబ్‌ను ఒకచోట నిలిపితే వేగమూ అక్కడే నిలుస్తుందని నీవు అనుకుంటున్నట్లున్నావు. అలా జరగదు. ఆర్డునో పంపేది ఎంత గట్టిగా తిప్పాలన్న ఆదేశం మాత్రమే. దాన్ని అందుకుని మోటారు మూడు తీగలకూ వంతులవారీగా కరెంటు ఇచ్చేది ఈఎస్‌సీ, అంటే మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పరికరం. పళ్లెం చివరకు ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది బ్యాటరీ వోల్టేజీని బట్టి, మీద పడే మేత బరువును బట్టి మారిపోతూ ఉంటుంది.

నీ మోటారు 1000 కేవీ అన్నావు, అంటే బరువేమీ లేనప్పుడు వోల్టుకు నిమిషానికి సుమారు 1000 చుట్లు. మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఇస్తుంది, 10.5 దగ్గర ఆపేయడం మంచిది. ఈ రెంటి మధ్య నీవు నాబ్‌ను తాకకపోయినా వేగం ఆరోవంతు పడిపోతుంది. పొద్దున గుంట నడిమికి పడిన మేత సాయంత్రానికి గట్టు పక్కనే కుప్పపడితే అడుగున నీళ్లు ఏమవుతాయో నాకంటే నీకే బాగా తెలుసు.

ఇంకొక మాట. అది రిమోట్‌తో ఎగిరే చిన్న బొమ్మ విమానాల ఫ్యాను తిప్పడానికి చేసిన మోటారు. సెన్సార్లు లేని ఈఎస్‌సీ, మోటారు తిరిగేటప్పుడు పుట్టే వోల్టేజీని చూసి అయస్కాంతాలు ఎక్కడున్నాయో గ్రహిస్తుంది కనుక, నెమ్మదిగా తిప్పబోతే ఆ వోల్టేజీ చాలక మోటారు వణికి ఆగిపోతుంది. పళ్లేన్ని నేరుగా బిగించకుండా బెల్టు వేసి వేగం తగ్గించు.

వైరింగులో రెండు విషయాలు మరువకు. ఈఎస్‌సీ గ్రౌండు (నెగటివ్) తీగ, ఆర్డునో గ్రౌండు కలిసి ఉండాలి, లేకపోతే సిగ్నల్‌కు అర్థం ఉండదు. ఈఎస్‌సీ నుంచి వచ్చే ఎర్ర తీగలో 5 వోల్టులు ఉంటే, కంప్యూటరుకు యూఎస్‌బీ తగిలించినప్పుడు దాన్ని తీసి టేపు చుట్టిపెట్టు. మోటారు తిరగబడి తిరిగితే మూడు తీగలలో ఏవైనా రెంటిని మార్చు, చాలు.

బ్రష్ మోటారుకు ప్రోగ్రాములో వాడే అనలాగ్‌రైట్ ఆదేశం ఇక్కడ వద్దు. ఆర్డునోతో వచ్చే సర్వో లైబ్రరీ అనే సిద్ధపు కోడ్‌తో 1000 నుంచి 2000 మైక్రోసెకన్ల పల్స్ పంపు. పవర్ ఇచ్చాక కొన్ని సెకన్లు 1000 వద్దే ఉంచితే బీప్ కొట్టి సిద్ధమవుతుంది. ఈ పరీక్షలన్నీ పళ్లెం తీసేసి, మోటారును బల్లకు గట్టిగా బిగించి చేయాలి.

అసలు పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. వేగాన్ని నిలబెట్టాలంటే ముందు దాన్ని కొలవాలి. ఇన్‌ఫ్రారెడ్ సెన్సారు ఎండలోనూ మేత దుమ్ములోనూ తడబడుతుంది కనుక అయస్కాంతం దగ్గరికి వస్తే పసిగట్టే హాల్ సెన్సారు తీసుకో. పళ్లెం కింద చిన్న అయస్కాంతం అతికించి, అదిరిపోకుండా ఎదురు వైపున అంతే బరువు పెట్టు. మామూలుగా దొరికే ఏ3144 సెన్సారు అయస్కాంతపు ఒక ముఖానికే స్పందిస్తుంది, కాబట్టి గమ్ము పూసేముందే ఏ ముఖమో తేల్చుకో. సెన్సారు అవుట్‌పుట్‌ను 10 కిలో ఓమ్‌ల రెసిస్టరుతో 5 వోల్టులకు కట్టి, ఆర్డునోలో 2 అంకె ఉన్న పిన్నుకు ఇవ్వు, దానికి ఇంటరప్ట్ ఉంది, అంటే పల్స్ రాగానే చేస్తున్న పని ఆపి దాన్ని గమనిస్తుంది. పళ్లెం నిమిషానికి 600 చుట్లు తిరిగితే పల్స్‌కూ పల్స్‌కూ మధ్య లక్ష మైక్రోసెకన్లు వస్తాయి. ఉనో నాలుగు మైక్రోసెకన్ల తేడాను కూడా చూడగలదు కనుక కొలతలో లోటు ఉండదు.

వేగం తక్కువగా ఉంటే పల్స్‌ను కొద్ది మైక్రోసెకన్లు పెంచు, ఎక్కువైతే తగ్గించు, మళ్లీ కొలిచిన తరువాతే మరో మార్పు చెయ్యి. తొందరపడి పెద్ద అంగలు వేస్తే సైకిలు కొత్తగా నేర్చుకునేవాడి హ్యాండిలులా వేగం అటూ ఇటూ ఊగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. అయస్కాంతం ఊడిపోయినా, సెన్సారు తీగ తెగినా, వేగం సున్నా అయిందనుకుని ప్రోగ్రాము పల్స్‌ను 2000 దాకా తోసేస్తుంది, నీ చేయి పళ్లెం దగ్గర ఉన్నప్పుడే అది జరగవచ్చు. అందుకే అర సెకను పల్స్ రాకపోతే వెంటనే 1000కి దించేలా రాయి. మోటారు అందుకునే మొదటి రెండు మూడు సెకన్లు మాత్రం ఈ తనిఖీని పక్కనపెట్టి, ఒకే చిన్న పల్స్‌తో తిప్పు. పల్స్‌కు పైహద్దు కూడా పెట్టు, మేత విసరడానికి 2000 అవసరమే రాదు.

ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబారతాయి, పెట్టెకు రబ్బరు సీలు వేయించు. పళ్లెం తగిలించి మొదటిసారి తిప్పేటప్పుడు బ్యాటరీ తీగను చేతికందేంత దూరంలో ఉంచుకుని, దాన్ని లాగే పని నీవే చెయ్యి, పిల్లలకు అప్పగించకు.

ఇట్లు
మామయ్య