మీ పాత ఇంటి ఫొటోల్లో ఏం లోపించింది? (సమాధానం)

నమస్తే అండీ. హైదరాబాద్ పాతబస్తీ షాలిబండలో మూతపడి ఉన్న మీ తాతగారి ఇంటిని ఎన్నిసార్లు తీసినా ఉత్త శిథిలంలా వస్తోందని, కిటికీలు తెల్లగా మాడిపోతున్నాయని రాశారు. కిటికీల సంగతి తేలిక. కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, లెన్సు రంధ్రం ఎఫ్8 పెట్టి, రెండేసి స్టాపుల తేడాతో (అంటే ఒకదానికంటే ఒకటి నాలుగు రెట్ల వెలుతురుతో) మూడు ఎక్స్‌పోజర్లు తీసి, ఎడిటింగ్‌లో ఒకే ఫొటోగా కలపండి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా సులువు.

అసలు చిక్కు వేరే ఉంది. మీరు పెట్టిన ఫొటోలన్నీ గుమ్మంలో నిలబడి, గదంతా పట్టే వైడ్ లెన్సుతో తీసినవే. అది ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ల చూపు! పెచ్చులూడిన గోడ ఎవరింట్లోనైనా ఒకటే. మీ నాయనమ్మగారు రోజూ కూర్చున్న చోట, ఆవిడ కళ్ల ఎత్తులో, మామూలు చూపుకు దగ్గరగా ఉండే 50 ఎంఎం లెన్సుతో తీసి చూడండి. క్యాలెండర్ తగిలించిన మేకు, చేతులు తగిలి నునుపెక్కిన గొళ్లెం దగ్గరికి వెళ్లండి.

నాకు బాగా నచ్చిన దారి ఇంకొకటి ఉంది. అబెలార్డో మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ 1991లో గదినే కెమెరాగా మార్చడం మొదలుపెట్టారు. కిటికీలన్నీ నల్ల ప్లాస్టిక్‌తో మూసి, సుమారు సెంటీమీటరు రంధ్రం వదిలితే బయటి వీధి తలకిందులుగా ఎదుటి గోడ మీద పడుతుంది. గోడ మీది ఆ దృశ్యాన్ని ఫొటో తీయడానికి ఫిల్మ్ మీద ఆయనకు గంటలు పట్టేది, ఐఎస్ఓ పెంచితే డిజిటల్‌లో నిమిషాల పనే. ఎండ బాగా ఉన్న రోజు చేయండి. మీ తాతగారి గోడ మీద ఇవాళ్టి షాలిబండ, ఆటోలతో సహా!

అన్నట్టు, మీ బాబాయిగారికీ వాటా ఉందన్నారు కదా, తాళం తీసేముందు ఒక మాట చెప్పండి. చెదపట్టిన దూలాల కింద ఒంటరిగా మాత్రం తిరగొద్దు.