షార్ట్‌స్టాప్ ఆడే అబ్బాయిని హైస్కూల్ నుంచే పంపాలా, కాలేజీకి పంపాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి టెన్త్ గ్రేడ్ చదువుతున్నాడు. స్కూల్ బేస్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. ఈ ఆటలో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఆడతానని పట్టుబట్టి కూర్చున్నాడు. మావారేమో కంప్యూటర్ సైన్స్ చదవమంటారు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. పోయిన నెల ఒకే మ్యాచ్‌లో మూడు ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) చేసి, ఇంటికొచ్చేదాకా కార్లో ఏడుస్తూనే ఉన్నాడు. హైస్కూల్ అవగానే ప్రొఫెషనల్‌గా వెళ్ళొచ్చని కోచ్ అంటున్నారు. వేసవిలో షోకేసులకు, అంటే కాలేజీ కోచ్‌లు, క్లబ్బులవాళ్ళ ముందు ఆడి చూపించే శిబిరాలకు పంపమంటున్నారు, ఆ ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటోంది. మాకు క్రికెట్ తప్ప ఈ ఆట తెలీదు. ఏం చేయమంటారు?

జవాబు: నమస్తే అమ్మా. అసలు విషయం ముందే చెప్పేస్తాను. హైస్కూల్ నుంచి నేరుగా పంపాల్సిన పరిస్థితి చాలా కొద్దిమంది పిల్లలకే వస్తుంది. ఇప్పటికి కాలేజీ బేస్‌బాల్‌నే లక్ష్యంగా పెట్టుకోండి. మీవారు కోరుకునే చదువు అందులో ఉంది, అబ్బాయి కోరుకునే ఆటా ఉంది.

ప్రతి జులైలో జరిగే డ్రాఫ్ట్‌లో 30 క్లబ్బులు కలిసి 20 రౌండ్లలో ఆరు వందల పైచిలుకు కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. ఎంపికైనంత మాత్రాన మేజర్ లీగ్‌లో ఆడేసినట్టు కాదు. కింద మైనర్ లీగ్ ఉంటుంది: రూకీ, సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. ఒక్కో మెట్టూ ఎక్కాలి, ప్రతి మెట్టు దగ్గరా చాలామంది ఆగిపోతారు. అర్జున్ నిమ్మల పేరు మీరు వినే ఉంటారు. ఇండియా నుంచి వెళ్ళిన తల్లిదండ్రుల బిడ్డ, ఫ్లోరిడాలో పెరిగాడు, మీవాడిలాగే షార్ట్‌స్టాప్. 2023లో 17 ఏళ్ళకే టొరంటో బ్లూ జేస్ అతన్ని మొదటి రౌండ్‌లో, 20వ స్థానంలో తీసుకుంది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో చేరాల్సిన అబ్బాయి, డ్రాఫ్ట్‌లో అంత పైన పేరు రావడంతో ప్రొఫెషనల్‌గా వెళ్ళాడు. అంతటివాడు కూడా 2024లో సింగిల్-ఎ జట్టు డనీడిన్‌లో, 2025లో హై-ఎ జట్టు వాంకూవర్‌లో ఆడాడు. అతను వెనకబడ్డాడని చెప్పడం లేదు, ఈ దారిలో నడక ఇలాగే సాగుతుంది. మొదటి రౌండ్ కుర్రాడికే ఇన్నేళ్ళు పడుతుంటే, పదిహేనో రౌండ్‌లో తీసుకున్న పిల్లవాడి సంగతి మీరే ఊహించండి.

డబ్బు విషయం కూడా తెలుసుకోండి. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ళకు మొదటిసారి యూనియన్ ఒప్పందం కుదిరింది. దాంతో సింగిల్-ఎ కనీస జీతం ఏడాదికి 11,000 డాలర్ల నుంచి 26,200కి, ట్రిపుల్-ఎ జీతం 35,800కి పెరిగాయి. 2022 నుంచి చాలామందికి ఉండడానికి చోటు కూడా క్లబ్బే ఇస్తోంది. ఇంతకుముందు కంటే ఎంతో నయం. అయినా, మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ఊళ్ళో ఆరు మ్యాచ్‌లు ఆడి, సోమవారం బస్సెక్కే జీవితానికి అది పెద్ద జీతమేమీ కాదు. మేజర్ లీగ్‌లో అడుగుపెడితే మాత్రం 2026 కనీస జీతం 7,80,000 డాలర్లు. మధ్యలో ఉన్న ఈ అగాధం వల్లే పిల్లలు పాతికేళ్ళు దాటినా వదల్లేక, అలాగని నిలదొక్కుకోలేక నలిగిపోతారు. డిగ్రీ చేతిలో ఉన్నవాడు ఆ రోజున మరో దారి చూసుకోగలడు.

ఇక మీవాడి పొజిషన్. ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బ్యాటర్ పరిగెత్తి దాటాల్సిన బేసుల దగ్గరి మైదానంలో, అందరి కన్నూ షార్ట్‌స్టాప్ మీదే ఉంటుంది. ప్రతి హైస్కూల్‌లో అందరికంటే చురుకైన అబ్బాయినే అక్కడ నిలబెడతారు. అంటే కాలేజీకి వెళ్ళేసరికి మీవాడి చుట్టూ ఉండేవాళ్ళలో సగం మంది తమ స్కూల్‌లో షార్ట్‌స్టాపులే. వాళ్ళలో ఒకడే అక్కడ ఉంటాడు, మిగతావాళ్ళు సెకండ్ బేస్‌కో థర్డ్ బేస్‌కో అవుట్‌ఫీల్డ్‌కో మారాలి. మారగలిగినవాడే నిలుస్తాడు. మేజర్ లీగ్ జట్టులో ఉండేది 26 మంది. అందులో 13 మంది దాకా బౌలర్లలాంటి పిచ్చర్లే ఉంటారు. బెంచి మీద మిగిలే మూడు నాలుగు చోట్లలో మూడు పొజిషన్లు ఆడగల ఇన్‌ఫీల్డర్‌కి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. కాబట్టి ఇప్పటి నుంచే సెకండ్ బేస్‌లో కూడా ఆడించమని కోచ్‌ని అడగండి. అదే పని అనిపిస్తుంది కానీ కాదు. షార్ట్‌స్టాప్ డబుల్ ప్లేలో (ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేసేటప్పుడు) బేస్ మీదికి వస్తూ ఫస్ట్ బేస్‌ని ఎదురుగా చూస్తాడు. సెకండ్ బేస్‌మన్ చాలాసార్లు రన్నర్‌కి వీపు పెట్టి బంతి అందుకుని, ఒంటిని తిప్పి విసరాలి. ఆ పాదాల లెక్క ఒంటబట్టడానికి నెలలు పడుతుంది.

మేజర్ లీగ్‌లో 2023లో వచ్చిన ఒక రూల్ మీవాడికి కలిసొస్తుంది. అంతకుముందు బ్యాటర్‌ని బట్టి ముగ్గురు ఇన్‌ఫీల్డర్లను ఒకేవైపు నిలబెట్టేవారు. ఇప్పుడు సెకండ్ బేస్‌కి చెరోవైపు ఇద్దరేసి, అదీ అవుట్‌ఫీల్డ్ గడ్డి మీదికి వెళ్ళకుండా నిలబడాలి. దాంతో పరుగెత్తి బంతిని అందుకోగల ఇన్‌ఫీల్డర్‌కి విలువ పెరిగింది. స్కౌట్లు (ఆటగాళ్ళను వెతికే క్లబ్ మనుషులు) ఇప్పుడు మొదట చూసేది పిల్లవాడి మొదటి అడుగు. బంతి బ్యాట్‌కి తగిలిన క్షణంలో ఎటు కదిలాడు, ఎంత త్వరగా కదిలాడు అన్నది. బేసుల మధ్య దూరం 90 అడుగులు. వేగంగా పరిగెత్తే బ్యాటర్ నాలుగు సెకన్ల పైచిలుకులో ఫస్ట్ బేస్ చేరిపోతాడు. బంతి అందుకోవడం, గ్లవ్ నుంచి తీయడం, విసరడం అన్నీ ఆ నాలుగు సెకన్లలోనే.

ఆ మూడు ఎర్రర్ల గురించి అబ్బాయికి ఈ ఒక్క మాట చెప్పండి. డెరెక్ జీటర్‌ని 1992లో న్యూయార్క్ జట్టు యాంకీస్ హైస్కూల్ నుంచి ఆరో స్థానంలో తీసుకుంది. 1993లో మైనర్ లీగ్ జట్టు గ్రీన్స్‌బరోలో ఆడుతూ ఆ ఒక్క సీజన్‌లో 56 ఎర్రర్లు చేశాడు. 1996కల్లా అతను యాంకీస్ షార్ట్‌స్టాప్, ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు. ఎర్రర్ చేసిన పిల్లవాడి గురించి నాకు బెంగ ఉండదు. తర్వాతి బంతి తన వైపు రాకూడదని కోరుకునే పిల్లవాడి గురించే ఉంటుంది. మీవాడు ఏడ్చాక మర్నాడు ప్రాక్టీస్‌కి వెళ్ళాడా? వెళ్ళుంటే మీరు టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

మన పిల్లల పొడుగు గురించి చాలామంది తల్లిదండ్రులు దిగులు పడతారు. వెనిజులాకు చెందిన హోసే అల్తూవే ఐదడుగుల ఆరు అంగుళాలు. ట్రయల్స్‌లో పొట్టివాడని ఇంటికి పంపేస్తే మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. హ్యూస్టన్ క్లబ్ అతనికి ఇచ్చింది 15,000 డాలర్లు. 2017లో అదే సెకండ్ బేస్‌మన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడు. పొడుగు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది గాయం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఆడి వచ్చిన డస్టిన్ పెడ్రోయా 2008లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2017లో సెకండ్ బేస్ దగ్గర ఒక రన్నర్ నేల మీద జారుతూ వచ్చి అతని మోకాలికి తగిలాడు. 2018, 2019 రెండేళ్ళూ కలిపి ఆడింది తొమ్మిదే మ్యాచ్‌లు, 2021లో రిటైరయ్యాడు. ఇన్‌ఫీల్డర్‌కి మోకాలు, చీలమండ, భుజం ఎప్పుడూ ప్రమాదంలోనే ఉంటాయి. చదువు పక్కన ఉండాలని నేను మీవారి పక్షాన నిలబడేది ఇందుకే.

కాలేజీ సంగతికి వద్దాం. డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడ్డం మొదలుపెట్టేది లెవెన్త్ గ్రేడ్‌కి ముందు వచ్చే ఆగస్టు 1 నుంచి. అంటే మీకు టైముంది, కానీ మార్కుల విషయంలో లేదు. హైస్కూల్‌లో 16 కోర్ సబ్జెక్టులు పూర్తి చేయాలి, వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. అది కేవలం అర్హత. మంచి కంప్యూటర్ సైన్స్ విభాగం ఉన్న కాలేజీలో చేరాలంటే అంతకంటే చాలా పైన ఉండాలి. మార్కులు బాగున్న అబ్బాయిని తీసుకోవడం కోచ్‌కీ తేలిక, ఎందుకంటే చదువు తరఫున వచ్చే స్కాలర్‌షిప్ అతని బేస్‌బాల్ డబ్బు మీద భారం తగ్గిస్తుంది. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడో ఏడాది అయ్యాక గానీ, 21 ఏళ్ళు నిండాక గానీ డ్రాఫ్ట్‌కి అర్హత వస్తుంది. అక్కడి జూనియర్ కాలేజీలో (హైస్కూల్ తర్వాత చేరే రెండేళ్ళ కాలేజీలో) ఆ నిరీక్షణ లేదు.

షోకేసులన్నిటికీ డబ్బు తగలెయ్యకండి. మీవాడు నిజంగా చేరాలనుకునే నాలుగైదు కాలేజీలు ఎంచుకుని, ఆ కాలేజీలే పెట్టే క్యాంపులకు పంపండి. అక్కడ కోచ్ స్వయంగా చూస్తాడు. పేరున్న షోకేస్ ఒకటి చాలు. బ్యాటింగ్, ఫీల్డింగ్ వీడియో ఇంట్లో ఫోన్‌తో తీసినా పనికొస్తుంది. కెమెరాని బ్యాటర్ వెనక పెట్టి, షార్ట్‌స్టాప్ అడుగులు కనిపించేలా తీయండి. గ్లవ్‌ని మాత్రమే జూమ్ చేసిన వీడియో ఎవరికీ అక్కర్లేదు.

ట్వెల్త్ గ్రేడ్‌లో ఎవరైనా క్లబ్ నిజంగానే పెద్ద మొత్తం ఇస్తానంటే, సైనింగ్ బోనస్ ఎంతని మాత్రమే చూడకండి. కాలేజీ ఫీజు క్లబ్ కట్టే ఏర్పాటు కాంట్రాక్టులో పెట్టించుకోవచ్చు. ఎన్ని సెమిస్టర్లకు, ఒక్కో సెమిస్టర్‌కి ఎంత అని అంకెలతో రాయించుకోండి, ఆట మానేశాక ఎంతకాలంలోగా చదువు మొదలుపెట్టాలో కూడా చదివి చూడండి. అంతకుముందే ఏ ఏజెంట్ వచ్చి కాగితాలు చూపించినా, మీవాడు చేరాలనుకుంటున్న కాలేజీలో కంప్లయన్స్ ఆఫీసును (ఆటగాళ్ళ నియమాలు చూసే విభాగాన్ని) అడగకుండా సంతకం పెట్టొద్దు. ఒక్క సంతకంతో కాలేజీలో ఆడే అర్హత పోవచ్చు.

మీవారికి ఇంకో మాట చెప్పండి. 2015 నుంచి అన్ని మేజర్ లీగ్ స్టేడియాల్లో ప్రతి బంతినీ, ప్రతి పరుగునూ కొలిచే స్టాట్‌కాస్ట్ నడుస్తోంది. ఆ డేటా చదవడానికి క్లబ్బులు ప్రోగ్రామర్లను పెట్టుకుంటున్నాయి. ఈ వేసవిలో తండ్రీకొడుకులిద్దరూ కూర్చుని, అందరికీ ఉచితంగా దొరికే ఆ డేటాలోంచి షార్ట్‌స్టాపుల లెక్కలు తీసి చూడమనండి. మీవాడికి ఈ ఆట ఎందుకంత ఇష్టమో ఆయనకీ కొంచెం తెలుస్తుంది, కోడ్ రాయడం ఎందుకు నేర్చుకోవాలో అబ్బాయికీ తెలుస్తుంది.